ఫార్మాట్ కొట్టాక సెట్టింగులన్నీ పోయాయి, మళ్లీ ఇట్లా కాకుండా ముందే ఏం చేయాలి?

కల్వకుర్తిలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్న అన్న అడిగింది ఇదీ: సిస్టం ఆన్ కాకపోతే మెకానిక్ ఫార్మాట్ కొట్టి ఇచ్చాడు, ఫైళ్లు డీ డ్రైవ్‌లో ఉండి బతికాయి గానీ ప్రింటర్ సెట్టింగులు, వేలిముద్ర మిషన్ డ్రైవర్, తెలుగు డీటీపీకి వాడే అను ఫాంట్లు అన్నీ పోయి షాపు ఆగిపోయింది, ఇకముందు ఇట్లా కాకుండా ఏం చేసి పెట్టుకోవాలి?

నాది దేవరకొండలో డీటీపీ షాపు, పక్కనే ఆన్‌లైన్ పనులు కూడా చేస్తాను. మన లాంటి వాళ్లకు విండోస్ మళ్లీ ఎక్కించడం పెద్ద పని కాదు, గంటలో అయిపోతుంది. దాన్ని మళ్లీ మన చేతికి అలవాటైన సిస్టంలా చేసుకోవడానికే ప్రాణం పోతుంది. కాబట్టి ఫైళ్ల బ్యాకప్ వేరు, సెట్టింగుల బ్యాకప్ వేరు అనుకోండి.

ముందు రిస్టోర్ పాయింట్, అంటే ఆ రోజు సిస్టం సెట్టింగులు ఎట్లా ఉన్నాయో విండోస్ దాచుకునేది, ఏదైనా చెడితే అక్కడికి వెనక్కి పోవచ్చు. స్టార్ట్‌లో "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని టైప్ చేస్తే సిస్టం ప్రొటెక్షన్ ట్యాబ్ వస్తుంది. అక్కడ సీ డ్రైవ్ ఎదురుగా ఆన్ అని ఉందా, ఆఫ్ అని ఉందా చూడండి. చాలా సిస్టంలలో ఆఫ్‌లోనే ఉంటుంది, అవసరం పడిన రోజున తెరిస్తే ఒక్క పాయింట్ కూడా కనిపించదు. కాన్ఫిగర్ నొక్కి ఆన్ చేసి కొంచెం జాగా ఇచ్చి, క్రియేట్ నొక్కండి. పేరు మాత్రం అర్థమయ్యేలా పెట్టండి, "కొత్త ప్రింటర్ డ్రైవర్‌కు ముందు" అన్నట్టు. అట్లా పెట్టకపోతే ఏది ఎప్పటిదో గుర్తుండదు.

నాకు ఇది అక్కరకొచ్చింది పెళ్లిళ్ల సీజన్‌లోనే. ఒక కలర్ ప్రింటర్ కొత్త డ్రైవర్ వేశాక సిస్టం నీలం తెర చూపించి రీస్టార్ట్ అవడం, మళ్లీ నీలం తెర, ఇదే పని. ఎదురుగా లగ్నపత్రికల వాళ్లు కూర్చుని ఉన్నారు, ముహూర్తం దగ్గర పడుతున్నదని వాళ్ల టెన్షన్ వాళ్లది. విండోస్ లోగో దగ్గర చుక్కలు తిరుగుతుండగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేశాను, అట్లా వరుసగా రెండు మూడుసార్లు ఆపితే ఆటోమేటిక్ రిపేర్ తెర దానంతట అదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టం రిస్టోర్. డ్రైవర్‌కు ముందు పెట్టిన పాయింట్ ఎంచుకున్నాను, వాళ్లు చాయ్ తాగి వచ్చేసరికి పేజ్‌మేకర్ తెరిచి ఉంది. కార్డు ఫైలుకు ఏమీ కాలేదు, ఎందుకంటే సిస్టం రిస్టోర్ మన డాక్యుమెంట్ల జోలికి పోదు. ఆ పాయింట్ తర్వాత వేసిన సాఫ్ట్‌వేర్లు, డ్రైవర్లు మాత్రం పోతాయి.

అయితే ఇదొక్కటి నమ్ముకుంటే లాభం లేదు. ఆ పాయింట్లు ఉండేది అదే డిస్క్‌లో. డిస్క్ పోతే అవీ పోతాయి, ఫార్మాట్ కొట్టినా పోతాయి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ఒక పాయింట్ 60 రోజులకు మించి ఉండదు కూడా. విండోస్ 10 నుంచి 11కి మారినా పాత పాయింట్లు పనికిరావు, నచ్చకపోతే 10 రోజుల్లోపు "గో బ్యాక్" ఒక్కటే దారి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది కాబట్టి ఇప్పుడు అందరూ మారుతున్నారు, అందుకే చెప్తున్నా. ఇంకోమాట, డీ డ్రైవ్ అంటే వేరే డిస్క్ అనుకునేవాళ్లు మన దగ్గర మస్తు మంది. చాలాసార్లు అది అదే డిస్క్‌లో ఇంకో భాగం, అంతే. మీ ఫైళ్లు బతికింది అదృష్టం కొద్దీ.

అందుకే బయట ఒక హార్డ్ డిస్క్ పెట్టుకోండి. అందులో వేయాల్సినవి చెప్తా. డ్రైవర్ల కోసం కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డిస్మ్ అనే టూల్‌లోని ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ ఆప్షన్ వాడితే, బయటి కంపెనీల డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి వచ్చేస్తాయి. రేపు ఫార్మాట్ అయినా డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు, వేలిముద్ర మిషన్ సీడీ ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు. దాని ఆర్‌డీ సర్వీస్ (ఆధార్ వేలిముద్రకు కావాల్సిన సాఫ్ట్‌వేర్) సెటప్ ఫైలు మాత్రం విడిగా దాచుకోండి, అది డ్రైవర్లతో రాదు.

ఫాంట్ల దగ్గర ఒక మెలిక ఉంది. ఫాంట్ ఫైలు తెరిచి ఊరికే ఇన్‌స్టాల్ నొక్కితే అది మీ యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటాలో దాక్కుంటుంది, విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ కాపీ చేసుకుంటే అందులోకి రాదు. రెండు చోట్లా చూసుకోండి. అను సెటప్, మీరు వాడే కీబోర్డ్ లేఅవుట్ ఏదో (నాది యాపిల్ అనే లేఅవుట్) కూడా రాసి పెట్టుకోండి.

ప్రింటర్ సెట్టింగులకు నేను వాడేది సెల్‌ఫోన్. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో ప్రతి ట్యాబ్ తెరిచి ఫొటో కొట్టుకుంటా, ముఖ్యంగా పెళ్లికార్డుకు పెట్టుకున్న సొంత పేపర్ సైజు, మార్జిన్, రంగుల ఎక్కువ తక్కువలు. నెట్‌వర్క్ ప్రింటర్ అయితే దాని ఐపీ అడ్రస్ కూడా. నాటు పద్ధతే కానీ ఏ సాఫ్ట్‌వేర్ కన్నా తొందరగా పని అవుతుంది. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త విండోస్‌లో కలపమని ఎవరైనా చెప్తే వినకండి, ఉన్నది కూడా చెడిపోతుంది.

ఇవన్నీ అయ్యాక సిస్టం బాగా నడుస్తున్నప్పుడే మొత్తానికి ఒక ఇమేజ్, అంటే విండోస్‌తో సహా అచ్చు కాపీ, ఆ బయటి డిస్క్‌లోకి తీయండి. కంట్రోల్ ప్యానెల్‌లో "బ్యాకప్ అండ్ రిస్టోర్ విండోస్ 7" అని ఉంటుంది, పేరు పాతదే కానీ 11లోనూ ఉంది. ఆ ఇమేజ్ తిరిగి ఎక్కిస్తే సీ డ్రైవ్ అప్పటి స్థితికి పోతుంది, తర్వాత డెస్క్‌టాప్ మీద పెట్టినవన్నీ గల్లంతే, కాబట్టి కస్టమర్ల ఫైళ్లు విడిగా కాపీ తీయాల్సిందే. పని కాగానే డిస్క్ పీకి ఇంటికి తీసుకుపోండి. ఎండాకాలం గాలిదుమారంలో కరెంటు ఎట్లా వచ్చి పోతుందో మీకు తెలియనిది కాదు.

కొత్త ల్యాప్‌టాప్ అయితే ఇంకొకటి తప్పకుండా చూడండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లో ఉన్నదానికి వేసే తాళం) ఆన్‌లో ఉంటే రిపేర్ తెరలో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మామూలుగా సిస్టం సెటప్ చేసినప్పుడు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. మన దగ్గర చాలామందికి షాపులోనే ఎవరో ఒకరు తమ మెయిల్‌తో సెటప్ చేసి ఇస్తుంటారు, అంటే కీ వాళ్ల దగ్గర, ల్యాప్‌టాప్ మన దగ్గర. ఈరోజే కీ చూసి ప్రింట్ తీసి బిల్లుతో పాటు పెట్టండి.

చివరగా, సిస్టం అసలు లేవనప్పుడు రిపేర్ తెర తెప్పించే రికవరీ డ్రైవ్ ఒకటి చేసి పెట్టుకోండి. దానికి 32 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుంటే ఇబ్బంది ఉండదు, అందులో ఉన్నవి చెరిగిపోతాయి కాబట్టి ఖాళీదే పెట్టండి. చేశాక దాంతో ఒకసారి బూట్ చేసి తెర వస్తుందో లేదో చూడండి. ఆన్ చేయగానే నొక్కాల్సిన బూట్ మెనూ కీ డెల్, లెనోవోలో మామూలుగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. మీది అసెంబుల్డ్ అయితే మదర్‌బోర్డ్ ఏదో రాయండి, కీ చెప్తాను.