పుండు కోసిన ప్రతిసారీ పెద్దదవుతోంది... పేగు జబ్బే కారణమా?

ప్రశ్న: నా వయసు 36. నాలుగేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు పూత) ఉంది. మెసలమైన్ వాడుతున్నాను, విరేచనాలు ప్రస్తుతం అదుపులోనే ఉన్నాయి. రెండు నెలల కిందట ఎడమ మోకాలి కింద చిన్న చీము పొక్కు లేచింది. పది రోజుల్లో పుండైంది. యాంటీబయాటిక్స్‌తో తగ్గలేదు. రెండుసార్లు కోసి శుభ్రం చేస్తే రెండుసార్లూ ఇంకా పెద్దదైంది. నొప్పితో రాత్రిళ్లు నిద్ర లేదు. షుగర్ లేదు. క్యాన్సరేమోనని టెన్షన్‌గా ఉంది. క్యాన్సర్ కణాలు చక్కెర మీదే బతుకుతాయని ఎవరో చెబితే అన్నం, పండ్లు మానేశాను. నాలుగు కిలోలు తగ్గాను.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఒక్క మాట. ఈ పుండును ఇంకోసారి కోయించుకోకండి. చర్మవ్యాధి నిపుణులు చూసేదాకా ఆగండి, అదీ ఈ వారంలోనే చూపించుకోండి.

కళ్లారా చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ పేగు పూత ఉన్న మనిషికి చీము పొక్కుతో మొదలై, విపరీతంగా నొప్పి పెడుతూ, కోసిన కొద్దీ పెరిగే పుండు అంటే మాకు మొదట తట్టేది పయోడెర్మా గ్యాంగ్రినోజమ్. పేరులో గ్యాంగ్రీన్ ఉన్నా ఇది గ్యాంగ్రీన్ కాదు, కాలు తీసేయాల్సిన జబ్బూ కాదు. 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఆ పేరు పెట్టినప్పుడు ఇన్ఫెక్షన్ వల్లే వస్తుందనుకున్నారు. వాళ్లు వివరించిన ఐదుగురిలో నలుగురికి మీకున్న కొలైటిసే ఉంది.

పేగును పుండు చేస్తున్న రోగనిరోధక వ్యవస్థే ఇక్కడ చర్మం మీద పడుతుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవి ఏదీ లేకుండానే గుంపుగా చేరి కండను తినేస్తాయి. చర్మానికి ఏ చిన్న దెబ్బ తగిలినా అవి మరింత రెచ్చిపోతాయి. కొందరికి సూది గుచ్చిన చోటే పొక్కు లేస్తుంది. కత్తి పెట్టిన ప్రతిసారీ మీ పుండు పెరగడానికి కారణం బహుశా ఇదే. పగటి వెలుగులో అంచు చూడండి. ఊదా రంగులో ఉబ్బి, కింద తొలుచుకుపోయినట్టు ఉంటే నా అనుమానం ఇంకా బలపడుతుంది. పేగు నెమ్మదించాక కూడా ఇది రావచ్చు కాబట్టి, విరేచనాలు బాగున్నాయి కదా అని సంబంధం లేదనుకోవద్దు. కొలైటిస్ వాళ్లకు కాళ్ల మీద ఎర్రగా, గట్టిగా వచ్చే నొప్పి గడ్డలు (ఎరిథీమా నోడోసమ్) వేరు. అవి పుండు పడవు, ఎక్కువగా పేగుతో పాటే వచ్చి పేగుతో పాటే తగ్గుతాయి.

దీన్ని కచ్చితంగా తేల్చే రక్తపరీక్ష లేదు. అంచు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. టీబీ, ఫంగస్, రక్తనాళాల వాపు, క్యాన్సర్ కావని చూడటానికే అది, భయపడి వద్దనకండి. జబ్బు ఇదేనని తేలితే స్టెరాయిడ్ మాత్రలు, లేదా రోగనిరోధక వ్యవస్థను అణచే సైక్లోస్పోరిన్ ఇస్తారు. లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది, అది పేగుకూ పనిచేస్తుంది. మన దగ్గర దానికి ముందు టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు తప్పనిసరి. మందు పడితే నొప్పి ముందు తగ్గుతుంది. పుండు మానడానికి మాత్రం నెలలు పట్టొచ్చు, మచ్చ మిగులుతుంది.

నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, కొలైటిస్ తిరగబెట్టవచ్చు. పారాసిటమాల్ వేసుకోండి, చాలకపోతే డాక్టర్‌ను అడగండి. మెసలమైన్ ఆపకండి. అంటుకున్న గాజుగుడ్డను లాగేయకుండా సెలైన్‌తో బాగా తడిపి తీయండి. జ్వరం, చలి వస్తే, కాలంతా ఎర్రగా వాస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక చక్కెర సంగతి. చాలా రకాల క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడుకుంటాయన్నది నిజమే. జర్మనీలో ఓటో వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1920లలోనే దీన్ని గమనించారు. క్యాన్సర్‌ను వెతికే పెట్ స్కాన్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. కానీ మీరు అన్నం మానేసినా కాలేయం గ్లూకోజ్ తయారు చేస్తూనే ఉంటుంది, రక్తంలో అది తగ్గదు. తగ్గేది మీ ఒళ్లే. పుండు మానాలంటే మాంసకృత్తులు, బలం కావాలి. ఈ రోజు నుంచే అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు మీ పేగుకు పడినంత వరకు తినండి. కొలైటిస్ మొదలైన ఎనిమిదేళ్ల నుంచి పెద్దపేగు క్యాన్సర్ ఉందేమో చూడటానికి కొలనోస్కోపీలు (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకుంటూ ఉండాలి, అది వేరే విషయం.

పుండు పక్కన స్కేలు పెట్టి రోజూ ఫోన్‌లో ఫొటో తీయండి. ఆపరేషన్ తేదీలు రాసిపెట్టుకుని, పాత కొలనోస్కోపీ రిపోర్టుతో సహా చర్మ డాక్టర్‌కూ, పేగు డాక్టర్‌కూ చూపించండి.