పదవులు తీసేయి, పనులు రాయి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమెరికాలో పై చదువుల దరఖాస్తుల కోసం నువ్వు పంపిన రెజ్యుమె చదివాను. మార్కులు, ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఉన్న మొదటి పేజీకి వంక పెట్టడానికి లేదు. రెండో పేజీలో ‘ఇతర కార్యకలాపాలు’ అన్నచోట ఆగిపోయాను. కోడింగ్ క్లబ్ అధ్యక్షురాలు, ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్, రక్తదాన శిబిరాల నిర్వాహకురాలు! కన్సల్టెన్సీ వాళ్లు చేర్చారని మీ అమ్మ చెప్పింది. ఎవరు చేర్చినా, దరఖాస్తు చివర ‘ఈ వివరాలన్నీ నిజం’ అని ఒప్పుకుంటూ సంతకం చేసేది నువ్వే తల్లీ. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటును కూడా వెనక్కి తీసుకుంటారు.

ముందు ఆ ప్రోగ్రామ్ ఆఫీసర్ సంగతి. ఎన్.ఎస్.ఎస్.లో ఆ బాధ్యత అధ్యాపకులది. విద్యార్థులు వాలంటీర్లు. ఈ తేడా అమెరికాలో ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. అక్కడి ఇంజనీరింగ్ విభాగాల్లో మన దేశంలో చదివి వెళ్లిన ప్రొఫెసర్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరు చూసినా నీ మొదటి పేజీ మీద కూడా అనుమానం పుడుతుంది. నువ్వు ఒక ఏడాది వాలంటీరుగా ఉన్నావు. ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి వెళ్లి ఊళ్లో ఇంటింటి సర్వే చేశావు. రెండేళ్లలో 240 గంటలు పూర్తి కాలేదు కాబట్టి సర్టిఫికెట్ రాలేదు. రాకపోతే ఏమైంది? ‘వాలంటీరు, ఒక విద్యా సంవత్సరం, ఏడు రోజుల గ్రామ శిబిరంలో ఇంటింటి సర్వే’ అని ఉన్నదున్నట్టు రాయి. రక్తదాన శిబిరంలో నువ్వు దాతల పేర్లు నమోదు చేశావు. అదే మాట రాయి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది మరొకటి. వేసవిలో చూపించిన ప్రతిలో, హాస్టల్లో జూనియర్లకు సాయంత్రాలు సి ప్రోగ్రామింగ్ చెప్పినట్టు ఒక వాక్యం ఉండేది. ఇప్పుడు లేదు. పదవి లేదు, సర్టిఫికెట్ లేదు కాబట్టి లెక్కలోకి రాదని తీసేశారట. ఎంత తప్పు! ఎం.ఎస్., పీహెచ్.డీ. దరఖాస్తులు చదివే ప్రొఫెసర్లు ముందు వెతికేది, నువ్వు వాళ్ల విభాగంలో పని చేయగలవా అని. క్లబ్బుల పదవులకు అక్కడ పెద్ద విలువ లేదు. (ఎం.బి.ఏ. అయితే వేరు, అక్కడ నాయకత్వం గురించి ఇంటర్వ్యూలోనే గుచ్చి గుచ్చి అడుగుతారు, లేనిది నిలవదు.) కానీ టీచింగ్ అసిస్టెంట్‌గా తీసుకునేటప్పుడు, మొదటి ఏడాది పిల్లలకు ల్యాబులో ఓపికగా చెప్పగలిగేవాళ్లు కావాలి. చాలా యూనివర్సిటీల్లో ఆ పనితోనే ఫీజు మినహాయింపు, నెలనెలా స్టైపెండ్ వస్తాయి. నీకు నిజంగా పనికొచ్చే వాక్యాన్ని చెరిపేసి, ఆ చోట ఎవరికీ అక్కరలేని అబద్ధాన్ని పెట్టారు. ఎంతమందికి చెప్పావు, ఎన్ని నెలలు చెప్పావు, పాయింటర్ల దగ్గర తడబడిన పిల్లలకు ఎలా అర్థం చేయించావు, ఇవి రాయి. గంటలు కచ్చితంగా గుర్తు లేకపోతే ‘సుమారు’ అని రాయి, తక్కువ వైపే ఉంచు.

కాలేజీలో ఉన్నన్నాళ్లూ నేను సిఫారసు లేఖలు రాశాను కనుక ఈ మాట చెబుతున్నాను. నీ రెజ్యుమెను ఒంటరిగా చదవరు. ఎస్.ఓ.పి. (ఆ చదువు ఎందుకు కావాలో నువ్వు రాసే వ్యాసం), మూడు సిఫారసు లేఖలు పక్కనే ఉంటాయి. నిన్ను మూడేళ్లుగా ఎరిగిన మేడమ్ లేఖలో క్లబ్ అధ్యక్షురాలి ఊసే లేకపోతే చదివేవాళ్లు ఏమనుకోవాలి? లేదంటే ఆమె చేత కూడా అబద్ధం రాయించాలి. అది నువ్వు చేయవు, నాకు తెలుసు.

అందరూ ఇలాగే రాస్తున్నారని అంటావు. నిజమే, పట్టుబడని వాళ్లూ ఉన్నారు. కానీ ఒకసారి రాసిన పదవి ఒక్క దరఖాస్తుతో పోదు. తర్వాతి ఉద్యోగాల్లోనూ అదే చెప్పుకోవాలి. అమెరికాలోని ఎం.ఐ.టి.లో అడ్మిషన్ల డీన్‌గా పనిచేసిన మారిలీ జోన్స్ 2007 ఏప్రిల్‌లో రాజీనామా చేయాల్సి వచ్చింది. లేని డిగ్రీలు ఉన్నాయని 1979లో ఉద్యోగంలో చేరేటప్పుడే చెప్పారు. 28 ఏళ్లు బాగా పనిచేసి, పిల్లల మీద ఒత్తిడి తగ్గించాలని దేశమంతా చెప్పి పేరు తెచ్చుకున్న మనిషి ఆమె. ఆ పేరు ఆమెను కాపాడలేదు. మొదట చేరిన చిన్న ఉద్యోగానికి బహుశా డిగ్రీ అవసరమే ఉండేది కాదని ఆ తర్వాత ఎం.ఐ.టి. అధికారులే అన్నారు. ఆ మాట చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కన్సల్టెన్సీ వాళ్లకు ఈరోజే ఫోను చేసి, నీ అనుమతి లేకుండా ఏ దరఖాస్తూ పంపవద్దని చెప్పు. పోర్టళ్ల పాస్‌వర్డులు మార్చి నీ దగ్గరే ఉంచుకో. ఎస్.ఓ.పి.లో కూడా ఆ పదవులు చొప్పించారేమో వాక్యం వాక్యం చూడు. చాలాచోట్ల గడువు డిసెంబరు మధ్యలో ఉంటుంది, హడావిడి పడనక్కర లేదు. రెండో పేజీ సగమే నిండితే సగమే ఉండనీ. మార్చిన ప్రతిని ఆదివారంలోగా నాకు పంపు. లేఖ రాసే మేడమ్‌కు ఇదివరకే పాత ప్రతి ఇచ్చి ఉంటే, వెళ్లి కొత్తది ఇచ్చి, ఎందుకు మార్చావో నువ్వే చెప్పు.

మీ మామయ్య