మా అమ్మ కుడి కంటికి ఇచ్చిన చీటీ

ఆసుపత్రుల్లో ఏఐ వాడితే రోగులకు ప్రమాదమా అని అడిగారు. మెషీన్ తప్పు చెబుతుందేమోనని అందరికీ టెన్షన్. నాకైతే అది నిజం చెప్పినా పట్టించుకునే మనిషి లేకపోవడమే భయం.

మా అమ్మకు పదిహేనేళ్లుగా షుగర్. రెండేళ్ల క్రితం ఊళ్లో ఉచిత కంటి శిబిరం పెడితే తీసుకెళ్లాను. గడ్డం ఆనించి కూర్చోబెట్టి ఫొటోలు తీశారు, షుగర్ వల్ల కంటి లోపలి పొర, అదే రెటీనా, దెబ్బతిందో లేదో కంప్యూటర్‌లోని ఏఐ నిమిషంలో చెప్పేస్తుందన్నారు. కుడి కంటికి నాలుగుసార్లు తీశారు. కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేయలేదు. వేస్తే ఆగాలి, బయట క్యూ మెట్ల దాకా ఉంది. చివరికి చీటీ చేతిలో పెట్టారు. ఎడమ కన్ను నార్మల్, కుడి కన్ను అన్‌గ్రేడబుల్, అంటే ఆ ఫొటో చూసి ఏమీ తేల్చలేనని. "రెఫర్ అని రాలేదండీ, ఫర్వాలేదు" అన్నాడు అక్కడి కుర్రాడు. నేనూ మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఐదు నెలలకు ఒకరోజు పొద్దున్నే అమ్మ "కంటి ముందు సాలెగూడు వేలాడుతోందిరా" అంటూ చేత్తో తుడుచుకుంటోంది. లోపల రక్తం చిమ్మిందన్నారు రెటీనా డాక్టరుగారు. చీటీ చూపించాను. "శుక్లం అడ్డొచ్చి ఫొటో మసకగా వచ్చింది. నాకు కనబడటం లేదని మెషీన్ చెప్పింది కదా, అప్పుడే పంపాల్సింది" అన్నారు.

గూగుల్ వాళ్లు థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్‌లలో ఇలాంటి ప్రోగ్రామే పెట్టి చూశారు. దానికి నేర్పిన ఫొటోల్లో మన అరవింద్, శంకర నేత్రాలయ కంటి ఆసుపత్రుల రోగులవీ ఉన్నాయి. ఐదో వంతు ఫొటోలు పనికిరావని అది తిప్పికొట్టిందని 2020లో వాళ్లే రాశారు. గదిలో వెలుతురు సరిపడా తగ్గించలేకపోవడం ఒక కారణం. కానీ అక్కడ అలా తిప్పికొట్టిన ప్రతివారినీ కంటి డాక్టరు దగ్గరికి పంపాలని నియమం పెట్టుకున్నారు. మా శిబిరంలో అదే లేదు. ఆ నియమం లేనిచోట ఈ మెషీన్ పెట్టనివ్వకూడదు, అది ఎంత గొప్పదైనా సరే.

ఇంకో బాధ, ఈ ఇంగ్లీషు చీటీలు. షుగర్ రిపోర్టు నుంచి స్కానింగ్ దాకా అన్నీ ఇంతే. అమ్మ రోజూ తెలుగు పేపరు చివరి పేజీ దాకా చదివే మనిషి. "కుడి కన్ను ఫొటో సరిగా రాలేదు, డాక్టరుకు చూపించండి" అని తెలుగులో ఉంటే తనే నన్ను లాక్కెళ్లేది. ఇప్పుడు లేజర్, ఆపరేషన్ అయ్యాక కూడా ఆ కంటితో వేళ్లు లెక్కపెట్టగలదు, అంతే.

చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది. ఎక్కడ శిబిరం పెట్టినా తీసి చూపించి, ఇలాంటి చీటీ వచ్చినవాళ్లకు ఫోన్ చేసేదెవరని అడుగుతున్నాను. ఇంతవరకు ఒక్కచోటే పేరు, నంబరు రాసిచ్చారు.