ఉష్ణోగ్రత చెప్పకుండా మంచు అనకు

చిరంజీవికి ఆశీస్సులు.

అంగారకుడి మీద మంచు గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా సాగింది. కానీ అమ్మా, ‘ఉపగ్రహం మంచును గుర్తించింది’ అని పదే పదే రాశావు గానీ, ఎలా గుర్తించిందో ఒక్కచోటా చెప్పలేదు. ఎన్నో వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే యంత్రం, తాకకుండా తవ్వకుండా, కింద ఉన్నది మంచేనని ఎలా చెప్పగలిగింది? చదివేవాళ్లకు కావలసిన కథ అదే.

ముందు అది ఏ మంచో తేల్చు. అక్కడ నీరూ గడ్డకడుతుంది, కార్బన్ డయాక్సైడూ గడ్డకడుతుంది. రెండూ తెల్లగానే ఉంటాయి, ఫొటో చూసి చెప్పలేం. 1976లో అమెరికా వైకింగ్ అంతరిక్ష నౌకలు అంగారకుడిని చేరేసరికి ఉత్తర ధ్రువంలో వేసవి. చలికాలంలో పేరుకున్న పొర ఆవిరైపోయినా నడిమధ్య తెల్లటి టోపీ అలాగే మిగిలి ఉంది. అది కూడా కార్బన్ డయాక్సైడేనని అనుకున్నవాళ్లు అప్పట్లో చాలామందే. కక్ష్యలో తిరిగే వైకింగ్ ఆర్బిటర్‌లోని ఇన్‌ఫ్రారెడ్ పరికరం, అంటే కంటికి కనబడని వేడి కాంతిని చూసేది, ఆ టోపీ నుంచి వచ్చే వేడిని కొలిస్తే సుమారు 205 కెల్విన్లు తేలింది, అంటే మైనస్ 68 డిగ్రీలు. మనకది ఊహకందని చలి. కానీ అంగారకుడి పల్చటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ గడ్డగా నిలవాలంటే దాదాపు మైనస్ 125 ఉండాలి. మైనస్ 68 దగ్గర అది నిలవడం కల్ల. పైగా ఆ టోపీ మీది గాలిలో నీటి ఆవిరి కూడా బాగా కనిపించింది. ఇక అది నీటి మంచు కాక మరేమిటి? ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడు. నీ వ్యాసంలో ‘అద్భుతం’ అన్న మాట వాడిన చోటల్లా వీటిని పెట్టినా సరిపోతుంది.

రెండో దారి, నేలను తాకి తిరిగొచ్చే ఎండలో ఏం తగ్గిందో చూడటం. నీటి మంచు 1.5, 2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మింగేస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కాంతిని విడదీసి చూస్తే మింగిన చోట నల్లటి గీతల్లా కనబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ మంచు మింగే తీరు వేరు, దాని గీతలు సన్నగా ఉంటాయి. యూరప్ పంపిన మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌకలోని ఒమెగా పరికరం 2004లో దక్షిణ ధ్రువంలో, కార్బన్ డయాక్సైడ్ పొర అంచుల్లోని వాలుల మీద నీటి మంచును ఇలాగే పట్టుకుంది.

ఈ గీతలు చదవడంలో తొందర పనికిరాదు. 1969 ఆగస్టులో అమెరికా నౌక మెరినర్ 7 దక్షిణ ధ్రువం పక్కనుంచి వెళ్లినప్పుడు, 3.3 మైక్రాన్ల దగ్గర కనిపించిన గీతలను చూసి దాని ఇన్‌ఫ్రారెడ్ పరికరం చూసుకునే శాస్త్రవేత్త జార్జ్ పిమెంటెల్ బృందం మీథేన్, అమోనియా ఉన్నాయని పత్రికలవాళ్లకు చెప్పింది. అవి ప్రాణుల వల్ల కూడా పుట్టే వాయువులు కాబట్టి, ప్రాణి ఉందేమోనని లోకమంతా చెవులు నిక్కబొడుచుకుంది. కొద్ది వారాలకే ప్రయోగశాలలో పరీక్షిస్తే, అవి గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ గీతలని తేలింది. వాళ్లే ముందుకొచ్చి ఆ మాట చెప్పారు. ఆ నిజాయితీ నాకెంతో ఇష్టం. ఈ సంగతి నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు అసలు చిక్కు. నేల మీద పడి తిరిగొచ్చే ఎండ పైపై పొర సంగతే చెబుతుంది. మంచు మీద పల్చగా దుమ్ము కప్పుకుంటే చాలు, ఒమెగాకైనా, అలాంటిదే అయిన అమెరికా పరికరం క్రిజమ్‌కైనా కనబడదు. మరి కింద ఉన్నదాన్ని ఎలా పసిగట్టారు? ఎండాకాలం రాత్రి వాకిట్లో ఇసుక త్వరగా చల్లారిపోతుంది, అరుగు బండ మాత్రం పొద్దుపోయాక కూడా వెచ్చగా ఉంటుంది. మంచు పట్టిన నేల ఆ బండ లాంటిది. వేసవి వేడిని దాచుకుని చలికాలంలో మెల్లగా వదులుతుంది. అందుకే పైన పొడి దుమ్మున్నా, ఏడాది పొడుగునా ఉష్ణోగ్రత పెరిగి తగ్గే తీరులో తేడా వస్తుంది. మంచు లోతుకు పోయేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. అంగారకుడి చుట్టూ తిరిగే అమెరికా నౌకలు మార్స్ ఒడిస్సీలోని థెమిస్ కెమెరా, ఎమ్మార్వో (మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్)లోని మార్స్ క్లైమేట్ సౌండర్ తీసిన వేడి కొలతలతో 2019లో ఒక పటం గీశారు. కొన్నిచోట్ల మంచు రెండున్నర సెంటీమీటర్ల లోతులోనే ఉందని అందులో తేలింది. ‘తేలింది’ అన్నాను గానీ, లోతు నేరుగా కొలిచింది కాదు. ఉష్ణోగ్రత కొలిచి, లెక్క కట్టి చెప్పింది. ఆ తేడా మీ పాఠకులకు చెప్పు, అర్థం చేసుకుంటారు.

ఇలాంటి లెక్కలు సరిపోతాయో లేదో చూసే అవకాశం అంతకుముందే దొరికింది. 2008లో ఫీనిక్స్ అనే అమెరికా నౌక అంగారకుడి నేల మీద దిగి గీరిన గుంతలో తెల్లటి ముక్కలు కనిపించాయి, నాలుగు రోజుల్లో మాయమయ్యాయి. ఉప్పయితే అలాగే ఉండేది. అదే ఏడాది, కొత్తగా ఉల్కలు పడ్డ చిన్న గుంతల్లో తెల్లటి మెరుపు కనిపించింది. క్రిజమ్ చూసి నీటి మంచేనంది. ఆ తెలుపు నెలల మీద వెలిసిపోతూ రావడాన్ని కెమెరాలు మళ్లీ మళ్లీ తీశాయి. ఒక పేరా దీనికి పూర్తిగా ఇవ్వు.

‘సముద్రమంత నీరు’ అన్న వాక్యం తీసెయ్. మంచు ఎంత మందంగా ఉందో చెప్పడం ఇన్‌ఫ్రారెడ్ వల్ల కాదు, అది రాడార్ పని.

మంగళయాన్ గురించి కూడా ఒక మాట. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి వెళ్లింది, మొదటి ప్రయత్నంలోనే అంగారకుడి కక్ష్యలో చేరింది. దాని థర్మల్ పరికరం 7 నుంచి 13 మైక్రాన్ల మధ్య చూసేది. నేను పైన చెప్పిన 1.5, 2 మైక్రాన్ల గీతలు దానికి అందవు. అభిమానం కొద్దీ చెయ్యని పని దానికి అంటగట్టకు.

మెరినర్ గురించి ఒకటి, వైకింగ్ గురించి ఒకటి, ఉల్క గుంతల గురించి ఒకటి, ఈ మూడు పేరాలూ కొత్తగా రాసి ముందు అవే పంపు. మిగతాది తర్వాత చూద్దాం.