పాతికేళ్ల కిందటి ర్యాగింగ్ ఇప్పుడెందుకు తిరగబెట్టింది?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, కరీంనగర్‌లో బ్యాంక్ ఉద్యోగం. 1999లో ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో హాస్టల్ సీనియర్లు ఓ రాత్రంతా గదిలో పెట్టి గడియేసి కొట్టారు, చెప్పుకోలేనివి చేయించారు. ఇంట్లో చెప్పలేదు, మర్చిపోయాననే అనుకున్నా. ఏడాది కిందట కొత్త మేనేజర్ వచ్చాడు. కస్టమర్ల ముందే అరుస్తాడు, సాయంత్రం క్యాబిన్‌లోకి పిలిచి తలుపేసి తిడతాడు. అప్పట్నుంచి రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేస్తున్నా, కళ్ల ముందు ఆ హాస్టల్ గదే. గుండె దడ అంటే ఈసీజీ, ఎకో తీశారు, నార్మల్. నిద్ర కోసం రెండు పెగ్గులు, లేదంటే మెడికల్ షాప్‌లో అల్‌ప్రజోలం. మా ఆవిడ "ఎప్పుడో అయిపోయినదానికి ఇప్పుడేంటి" అంటోంది. మొన్న మావాడు తలుపు గట్టిగా వేశాడని వాడి మీద చెయ్యి చేసుకున్నా. ఒక్కోసారి నేను లేకపోతేనే నయం అనిపిస్తోంది. నాకు పిచ్చెక్కుతోందా? అన్నట్టు, మా బ్యాచ్ గెట్‌టుగెదర్‌కి ఎప్పుడూ వెళ్లలేదు, లోపల గడియ పెడితే నాకు నిద్ర పట్టదు, ఇవి చిన్న విషయాలే అనుకోండి.

జవాబు: ముందు "నేను లేకపోతేనే నయం" అన్న ఆ లైన్ గురించి. దాన్ని ఉత్తరం చివర్లో అలా అనేసి వదిలేశారు కానీ నేను వదలను. ఈ మాట ఇవాళే మీ ఆవిడకి చెప్పండి, ఇదే మాటల్లో చెప్పండి. ఆ ఆలోచన బలంగా వచ్చిన రాత్రి ఒంటరిగా ఉండకండి, 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు. ఎలా చచ్చిపోవాలి అన్నదాకా ఆలోచన వెళ్తే ఫోన్ కూడా కాదు, నేరుగా దగ్గర్లో ఉన్న పెద్ద హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి.

ఇక మీరు అడిగింది. పిచ్చెక్కడం కాదండీ ఇది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పీటీఎస్‌డీలా ఉంది, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే గాయం, కాదో అవునో సైకియాట్రిస్ట్ చూసి తేల్చాలి. జరిగిన ఆర్నెల్ల తర్వాత ఎప్పుడైనా పూర్తి లక్షణాలు బయటపడితే దాన్ని ఆలస్యంగా వచ్చిన పీటీఎస్‌డీ అంటారు, డాక్టర్ల పుస్తకాల్లోనే ఉంది, మీకొక్కరికే వచ్చిన వింత జబ్బేం కాదు. పైగా అది నిజంగా ఇప్పుడే మొదలైందా అంటే, చాలామందిలో అలా ఉండదు, కొద్దికొద్దిగా ఎప్పట్నుంచో ఉంటుంది. మీరు చిన్న విషయాలు అని చివర్లో పడేసినవి చూడండి, గెట్‌టుగెదర్‌కి వెళ్లకపోవడం, గడియ పెడితే నిద్ర పట్టకపోవడం, అవి చిన్నవి కావు. పాతికేళ్లుగా మీరు దాన్ని పక్కకి నెట్టుకుంటూ ఉద్యోగం, పెళ్లి, పిల్లాడు, ఈఎంఐలు అన్నీ లాక్కొచ్చారు. ఇప్పుడు మళ్లీ మీ మీద అధికారం ఉన్న మనిషి, నలుగురి ముందు అవమానం, ఆపైన మూసిన తలుపు. ఒంటికి క్యాలెండర్ తెలీదు, అదే గది అనుకుంటోంది. మీ అబ్బాయి తలుపు వేసిన చప్పుడుకి మీ చెయ్యి లేచింది కూడా అందుకే, అలాగని కొట్టడం ఒప్పు అయిపోదు, దాని గురించి కింద చెప్తాను.

ఇంకో మాట, మీకు జరిగింది "కాలేజీలో అందరికీ జరిగేదే" అని మీకు మీరే చెప్పుకుని ఉంటారు. కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. అంటే ఆ రాత్రి వాళ్లు చేసింది అప్పటికే నేరం. మీకు గాయమైంది మీరు సున్నితం కాబట్టి కాదు, వాళ్లు నేరం చేశారు కాబట్టి.

దీంట్లోనే నాకు ఒక భయం ఉంది. రేపు ఎవరో ఒకరు, బహుశా హెచ్ఆర్ వాళ్లే, "మీకు పాత ప్రాబ్లం ఉంది కాబట్టి సార్ మాటలు మీకు అలా అనిపిస్తున్నాయి" అంటారు. దయచేసి ఒప్పుకోకండి. మీకు ఏ పాత గాయం లేకపోయినా కస్టమర్ల ముందు ఉద్యోగిని తిట్టడం తప్పే. మీ పాత గాయమూ నిజం, మేనేజర్ తప్పూ నిజం, రెండిటికీ వేర్వేరుగా పని చెయ్యాలి.

ఆఫీసు సంగతి. ఒక నోట్‌బుక్ పెట్టండి, తేదీ, టైము, అన్న మాట ఉన్నది ఉన్నట్టు, అక్కడ ఎవరున్నారు, అన్నీ ఇంటికొచ్చి రాయండి, ఆఫీస్ సిస్టంలో మాత్రం వద్దు. మన దేశంలో ఆఫీసు బుల్లీయింగ్ మీద విడిగా చట్టం లేదు, 2013 చట్టం ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులకే, కాబట్టి మీకు దారి యూనియన్, పై ఆఫీసుకి రాతపూర్వకంగా ఫిర్యాదు. క్యాబిన్‌లోకి పిలిస్తే తలుపు దగ్గర నిలబడి "సార్, తలుపు తీసే ఉంచుదాం" అనండి, అది అడగడంలో తప్పేం లేదు. ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి, పారిపోవడం అని ఎవరన్నా అననీ.

ట్రీట్‌మెంట్ విషయానికొస్తే, ఆ పెగ్గులూ ఆ అల్‌ప్రజోలం మాత్రా రెండూ మీకు హాని చేస్తున్నాయి, కలిపి వేసుకుంటే ఊపిరికే ప్రమాదం. మందు తాగితే నిద్ర త్వరగా పడుతుంది, తర్వాత సగం రాత్రి నిద్ర చెడగొడుతుంది, మీరు రెండింటికి లేవడంలో దాని పాత్ర కూడా ఉండొచ్చు. అలాగని రెండూ ఒక్కసారిగా సొంతంగా ఆపేయకండి, ఎన్నాళ్లుగా ఎంత వాడుతున్నారో డాక్టర్‌కి దాచకుండా చెప్పి ఆయన చెప్పినట్టు తగ్గించండి. దడ ఉంది కాబట్టి థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ కనుక్కోండి, ప్రైవేటైనా పర్లేదు. డాక్టర్ సెర్ట్రలిన్ లాంటి మాత్ర (డిప్రెషన్‌కీ, పీటీఎస్‌డీకీ వాడేది) ఇస్తే రెండు మూడు రోజుల్లో గుణం కనపడలేదని మానేయకండి, కొన్ని వారాలు పడుతుంది. దీనికి అసలు వైద్యం ట్రామా, అంటే ఆ పాత గాయం, మీద పనిచేసే థెరపీ, ట్రామా సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మాటలతో సరిచేసేది) గానీ ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం మీద పనిచేసేది) గానీ, మామూలుగా 8 నుంచి 12 సెషన్లు, కొందరికి ఎక్కువ. సైకాలజిస్ట్‌ని ముందే అడగండి, ట్రామా కేసులు చూస్తారా అని. మొదటి రోజే ఆ రాత్రి మొత్తం కక్కించాలని చూస్తే మీరు వద్దనొచ్చు, ముందు నిద్ర, భద్రత కుదుటపడాలి.

రాత్రి లేచినప్పుడు లైట్ వేయండి, కాళ్లు నేలకి ఆనించి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి అనండి, ఇది ఏ సంవత్సరమో, ఎవరిల్లో పైకి చెప్పుకోండి. జబ్బు దీంతో నయం కాదు, ఆ పది నిమిషాలు గడుస్తాయి.

బాబు దగ్గరికి వెళ్లి "నిన్ను కొట్టడం నా తప్పు, నీది కాదు, నాకు ఒంట్లో బాగోలేదు, చూపించుకుంటున్నా" అనండి. హాస్టల్ కథంతా వాడికి చెప్పక్కర్లేదు. మళ్లీ కోపం తన్నుకొస్తుంటే ఆ గదిలోంచి మీరే బయటికి వచ్చేయండి.

ఈ జవాబు మీ ఆవిడకి చదివి వినిపించండి. అమ్మా, "ఎప్పుడో అయిపోయింది" అని మీరు ధైర్యం చెప్పడానికే అన్నారని నాకు అర్థమవుతోంది, కానీ ఆయనకి అది "నోరు మూసుకో"లా వినిపిస్తోంది. "నాకు చెప్పకుండా ఇన్నేళ్లు ఎలా మోశావు" అనండి చాలు, వివరాలు అడగొద్దు, ఆయనే చెప్తే వినండి. ఇంట్లో ఉన్న ఆ మాత్రలు మీ దగ్గర పెట్టుకోండి. మొదటి అపాయింట్‌మెంట్‌కి మీరూ వెళ్లండి, రాత్రిళ్లు ఆయన ఎలా ఉంటున్నారో డాక్టర్‌కి చెప్పగలిగేది మీరే.