అమ్ములూ, గీతలు కాదు ప్రెషర్ చూడు

అమ్ములూ, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, నువ్వు భీమవరంలో క్యాత్‌ల్యాబ్‌లో, అదే గుండె నాళాలకి బెలూన్లు, స్టెంట్లు వేసే గదిలో, టెక్నీషియన్‌గా చేరుతున్నావంట, అక్కడ డాక్టరు గారు స్టెంట్ కోసం వేసిన వైరుతోనే పేసింగ్, అంటే గుండె కొట్టుకునేలా చిన్న కరెంటు దెబ్బలు, ఇస్తారంట, ఆ కరెంటిచ్చే బాక్సు మా పిల్లే చూసుకోవాలంట అని ఒకటే మురిసిపోయింది. నాకూ సంతోషమే, కాపోతే నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళు ఎక్స్‌రే తగలకుండా వేసుకునే లెడ్ ఏప్రాన్ మోసి నడుం పోగొట్టుకున్నోణ్ణి, మనింట్లో ఇంకోళ్ళు ఆ ఏప్రాన్ తొడుక్కుంటారంటే ఎలా ఉంటుంది చెప్పు.

పొద్దున్నే కేసు మొదలవకముందే బ్యాటరీ చూడు, స్పేరు పక్కనే పెట్టుకో, కేబుల్ బాక్సుకి చుట్టి ఉంచు. ఇవి నీకు తెలిసినవే.

అసలు సంగతికొస్తా. గుండెకి రక్తమిచ్చే కుడి రక్తనాళంలో బెలూన్ వేసినా, గట్టిపడిన కాల్షియం మీద రోటా, అదే దాన్ని అరగదీసే చిన్న బర్రు, తిప్పినా నాడి ఉన్నట్టుండి ముప్పైకి పడిపోవచ్చు, చాలామందికి గుండె పై గదుల కరెంటుని కింది గదులకి పంపే ఏవీ నోడ్‌కి రక్తం అటునుంచే వెళ్తుంది మరి. నాడి పెంచే అట్రోపిన్ మందు ఇస్తారు, దానికి లొంగకపోతే పేసింగే. అప్పుడు కాలి నరంలోంచి ఇంకో వైరు ఎక్కించే టైముండదు, పైగా అది గుండె గోడకి చిల్లు పెట్టే భయం ఒకటి. ఎలాగూ లోపల 0.014 అంగుళాల వైరు ఉందిగా, దాని బయట కొసకి నెగటివ్ క్లిప్పు, అంటే నల్లది, పెట్టి, పాజిటివ్‌ని, అంటే ఎర్రదాన్ని, గజ్జల్లో మత్తిచ్చిన చోట గుచ్చిన సూదికి తగిలిస్తే గుండె కొట్టుకుంటుంది. కొత్త విద్యేం కాదు, మైయర్, రుటిషాజర్ అని స్విట్జర్లాండ్ డాక్టర్లు 1985లోనే రాశారు.

వైరు మీద బెలూన్ ఎందుకు ఉంచుతారో మాత్రం బుర్రకెక్కించుకో. రక్తం కూడా కరెంటుని పోనిస్తుంది. వైరు ఒట్టిదైతే దారంతా కరెంటు జారిపోతుంది, కాలవ గట్టుకి గండి పడితే మన శివారు చేలకి నీళ్ళు అందనట్టే. బెలూన్ షాఫ్టు, అదే వైరుని చుట్టి ఉండే సన్నటి గొట్టం, దానికి గట్టు. కొస మంచి కండరం దగ్గరుండాలి, పాత ఎటాక్‌లో చచ్చిన కండరానికి ఎంతిచ్చినా పలకదు. కొన్ని వైర్లకి పైన పూత ఉంటుంది, క్లిప్పు పూత మీద కాకుండా మెటల్ మీద కరిచిందో లేదో చూసుకో.

ఇక నా తప్పు. నేను చేరిన కొత్తలో లంకల్లోంచి ఒకాయన్ని తెచ్చారు, కొబ్బరి దింపులు తీసేవాడు, అరిచేతులు పీచులా ఉండేవి. కుడి నాళమే. బెలూన్ ఊదగానే నాడి ఆగిపోయినంత పనైంది, డాక్టరు గారు పేసింగ్ అని అరిచారు. నేను గాభరాలో ఎర్ర క్లిప్పు వైరుకి, నల్లది సూదికి తగిలించి ఔట్‌పుట్ ఫుల్లు తిప్పేశా. మానిటర్ మీద స్పైకులు, అంటే బాక్సు ఇచ్చే ఒక్కో కరెంటు దెబ్బకీ పడే గీతలు, నిటారుగా, కొబ్బరి చెట్లు వరసగా నాటినట్టు వస్తున్నాయి, ఆయన తొడ కూడా టక్ టక్ మని అదురుతోంది, గుండె పేసింగ్‌ని పట్టేసింది సార్ అని గట్టిగా కేకేశా. డాక్టరు గారు నా మాట నమ్మి తల తిప్పుకున్నారు. కింద ఎర్ర గీత, ప్రెషర్‌ది, నేలకి ఆనేసి ఉంది అమ్ములూ. నేను చూళ్ళేదు. పక్కనున్న సిస్టర్ చూసి ఒక్క ఉదుటున ఛాతీ మీద నొక్కడం మొదలెట్టింది, అప్పుడు డాక్టరు గారు క్లిప్పులు పీకి మార్చి పెట్టారు, వెంటనే స్పైకు వెనకాలే వెడల్పాటి బీటు, దాంతోపాటే ప్రెషర్ లేచింది. ఎన్ని సెకన్లో నేను లెక్కెట్టలేదు, ఆయన కళ్ళు తేలేయడం మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది.

బతికాడులే. నాలుగో రోజు నడిచి వెళ్ళాడు, వెళ్తూ నాకే దణ్ణం పెట్టాడు, నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అంతకన్నా సిగ్గైన పని, బయటికొచ్చి అందరితో బాక్సు తేడా చేసిందండీ అన్నాను. నిజమనుకుని రిపేరుకి పంపారు, ఏ లోపం లేదని తిరిగొచ్చింది. డాక్టరు గారు ఒక్క మాట అన్లేదు, నా వంక చూసి ఊరుకున్నారు. తిట్టుంటే బాగుండేది.

కాబట్టి నువ్వు పట్టింది అని చెప్పే ముందు ప్రతి స్పైకుకీ ప్రెషర్ అల లేస్తోందో లేదో చూడు. నల్లది వైరుకి, ఎర్రది ఒంటికి, చేతి మీద రాసుకున్నా నామోషీ కాదు. తప్పు నీదైతే అప్పటికప్పుడే నోరు తెరిచి చెప్పు. ఇంకోటి, వైరు బయటికి తీస్తే పేసింగ్ కూడా పోయినట్టే, హార్ట్ బ్లాక్, అంటే గుండెలో కరెంటు దారి తెగడం, ఇంకా ఉంటే తీయకముందే నరంలోంచి వేరే పేసింగ్ వైరు వేస్తారా సార్ అని అడుగు, చిన్నపిల్లవి అనుకుంటారని మొహమాటపడకు.

వేళకి తిను, ఆ ఏసీలో చున్నీ ఒకటి దగ్గరుంచుకో. దింపాయన సంగతి మీ అమ్మ దగ్గర ఎత్తకు, తనకి కూడా మెషీన్ పాడైందనే చెప్పాను.

మావయ్య