అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టేవాళ్లకి: ముందు డౌన్ లెక్క పట్టుకోండి

అమెరికా వచ్చిన కొత్తలో చాలామందికి ఒకటే సందేహం. అయిదారు సెకన్లు ఆడతారు, గుట్టగా పడతారు, లేచి మళ్లీ గుమిగూడతారు. ఇందులో చూడటానికేముంది? క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఫీల్డింగ్ మార్చడం మీకు ఆసక్తిగా ఉంటే ఇదీ నచ్చుతుంది. ఆ విరామంలోనే రెండు జట్లూ ఎత్తు, పైఎత్తు వేసుకుంటాయి.

టీవీలో బంతి కోసం వెతక్కండి, స్కోరు పక్కనుండే డౌన్ లెక్క చూడండి. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు, అంటే నాలుగు డౌన్లు. ఆలోగా 10 గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి. ‘థర్డ్ అండ్ సెవెన్’ అంటే ఇది మూడో ప్రయత్నం, ఇంకా 7 గజాలు కావాలి. అంత దూరం పరిగెత్తి సాధించడం కష్టం కాబట్టి క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపించే ఆటగాడు, బంతి విసురుతాడని మీరే ఊహించవచ్చు. ఎదుటి జట్టూ అదే ఊహిస్తుంది, అసలు మజా అక్కడే. తెర మీద కనిపించే పసుపు గీత చేరాల్సిన చోటు. అది కంప్యూటర్ గీసేది, స్టేడియంలో కనబడదు.

మూడూ అయిపోయి నాలుగో డౌన్ మిగిలితే కోచ్ తేల్చుకోవాలి. ఆడి విఫలమైతే బంతి అక్కడికక్కడే ఎదుటివాళ్ల పరమవుతుంది. అందుకే సొంత గోల్ దగ్గరుంటే పంట్ చేసి, అంటే కాలితో తన్ని, బంతిని దూరంగా పంపేస్తారు. ఎదుటి గోల్ దగ్గరైతే ఫీల్డ్ గోల్‌కి, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నడానికి, ప్రయత్నిస్తారు. దాని దూరం లెక్క తేలికే: బంతి ఎన్నో గజం గీత మీదుంటే దానికి సుమారు 17 కలపండి. గోల్ గీత వెనకుండే మైదానం చివరి భాగాన్ని ఎండ్ జోన్ అంటారు, గోల్ స్తంభాలు దాని చివర ఉంటాయి కాబట్టి దానికి 10, బంతిని వెనక్కి అందించి తన్నడానికి 7. కాబట్టి 30 గీత దగ్గర నిలిచిపోతే 47 గజాల కిక్.

పాయింట్లలో టచ్‌డౌన్‌కి 6, ఆపై కిక్‌కి 1, లేదా కిక్ బదులు మరోసారి ఎండ్ జోన్‌లోకి చేరితే 2. ఫీల్డ్ గోల్‌కి 3. బంతి పట్టుకున్న ఆటగాణ్ని వాళ్ల సొంత ఎండ్ జోన్‌లోనే పడేస్తే ఎదుటి జట్టుకి 2, దాన్ని సేఫ్టీ అంటారు. పేరు టచ్‌డౌనే గానీ బంతి నేలకి తాకించనక్కర్లేదు, గోల్ గీత దాటితే చాలు.

ఆట గడియారం 60 నిమిషాలే అయినా మూడు గంటలకి పైగా పడుతుంది. పాస్ నేలపాలైతే గడియారం ఆగుతుంది కాబట్టి చివరి రెండు నిమిషాలే అరగంట సాగినట్టుంటుంది. ఆ సమయంలో భోజనానికి లేవకండి, మ్యాచ్‌లు తిరగబడేది అప్పుడే.

1869లో రట్‌గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగిన తొలి పోటీ దాదాపు సాకర్‌లాగే సాగింది. 1880ల్లో వాల్టర్ క్యాంప్ చొరవతో డౌన్ల పద్ధతి వచ్చింది. ఆటలో చావులు పెరిగి గొడవైతే 1906లో ముందుకి పాస్ విసరడాన్ని అనుమతించారు. ప్రొఫెషనల్ జట్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 1920లో పుట్టింది, ఇప్పుడందులో 32 జట్లు. మామూలుగా శుక్రవారం హైస్కూళ్లు, శనివారం కాలేజీలు, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్. థాంక్స్‌గివింగ్‌కి ఎవరైనా ఇంటికి పిలిస్తే టీవీలో డెట్రాయిట్ లయన్స్, డల్లాస్ కౌబాయ్స్ ఆటలుంటాయని ముందే తెలుసుకుని వెళ్లండి.

ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియానికి బ్యాక్‌ప్యాక్ తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. 12 అంగుళాల ఎత్తు, 12 వెడల్పు, 6 మందం మించని పారదర్శకమైన సంచీ కావాలి. ఒక గ్యాలన్ జిప్‌లాక్ కవరైనా సరిపోతుంది.

ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ వారంలో ఆఫీసులో ‘స్క్వేర్స్’ అని వంద గళ్ల కాగితం తిరుగుతుంది. ఒక్కో క్వార్టర్ చివర రెండు జట్ల స్కోర్లలో ఆఖరి అంకెలు కలిసే గడి గెలుస్తుంది. స్కోర్లు ఎక్కువగా 7, 3 కలిసి పెరుగుతాయి కాబట్టి 0, 7, 3, 4 మంచి అంకెలు; 2, 5 దండగ. అయితే అంకెలు గళ్లు అమ్ముడయ్యాకే తీస్తారు, మీ తెలివి పనికిరాదు. డబ్బు పందెం మీద కంపెనీ నియమమేంటో మాత్రం ముందు చూసుకోండి.

పిల్లలు ఆడతామంటే మొదట ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో చేర్చండి. అందులో కింద పడేయడం ఉండదు, నడుముకి వేలాడే పట్టీ లాగితే ఆట ఆగుతుంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆడేదీ అదే. కింద పడేసి ఆడే టాకిల్ జట్టులో చేరాక తలకి దెబ్బ తగిలిందని అనుమానమొస్తే, ఆరోజు బాగానే ఉన్నానన్నా మళ్లీ దింపనివ్వకండి. డాక్టరు రాసిచ్చాకే ప్రాక్టీసుకి పంపండి.